టీవీ సైజు, రిజల్యూషన్, పిక్చర్ సెట్టింగులు: మా హాలు కోసం వేసిన లెక్కలు

మా హాల్లో పాత 43 ఇంచుల టీవీ తీసి కొత్తది పెట్టేటప్పుడు, సైజును కంటికీ తెరకూ మధ్య దూరాన్ని బట్టి తేల్చాను. గోడ ఎంత వెడల్పు, టీవీ యూనిట్‌లో ఎంత ఖాళీ అన్నవి ఆ తర్వాతి సంగతులు. హాలు 11 అడుగులుంది కదా అని చూసే దూరం 11 అడుగులు ఉండదు. సోఫాలో వెనక్కి ఆనుకుని కూర్చుంటే వెనక గోడకూ కళ్ళకూ మధ్య రెండడుగుల పైనే పోతుంది. టీవీ, దాని మౌంటు కలిసి ఎదుటి గోడనుంచి నాలుగైదు ఇంచులు ముందుకొస్తాయి. ఇవి తీసేస్తే మిగిలింది ఎనిమిదిన్నర అడుగులు, అంటే 102 ఇంచులు. రోజూ ఎక్కువసేపు చూసేవాళ్ళు కూర్చునే చోటునుంచే ఈ కొలత తీసుకోవాలి. ఎప్పుడో ఒకసారి చుట్టాలొచ్చి కూర్చునే మూల కుర్చీనుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది.

దూరం తెలిశాక మిగిలింది చిన్న భాగహారం. తెర వెడల్పు మన చూపులో కనీసం 30 డిగ్రీలు ఆక్రమిస్తే సినిమా చూస్తున్నట్టు ఉంటుందని ఈ రంగంలో వాడే లెక్క. అలా కావాలంటే దూరాన్ని 1.6తో భాగించాలి. థియేటర్ మధ్య వరసల్లో కూర్చున్నట్టు 40 డిగ్రీలు కావాలంటే 1.2తో భాగించాలి. 102ని 1.6తో భాగిస్తే దగ్గర దగ్గర 64, 1.2తో భాగిస్తే 85. అంటే మా దూరానికి 65 ఇంచులన్నది పెద్ద సైజు కాదు, 30 డిగ్రీలకు సరిగ్గా సరిపోయేది. 55 పెడితే 26 డిగ్రీలు చిల్లర వస్తుంది. వార్తలు, సీరియళ్ళకు అదీ చాలు. సినిమాలు ఎక్కువగా చూసే ఇంట్లో మాత్రం అది తక్కువే.

ఎందుకు తక్కువో చెప్పాలంటే తెర ఆకారం గురించి మాట్లాడాలి. ఇప్పటి టీవీలన్నీ 16:9 ఆకారం. మన సినిమాలు చాలావరకు సినిమాస్కోప్, అంటే వెడల్పు ఎత్తుకు 2.35 నుంచి 2.39 రెట్లు. అందుకే సినిమా పెట్టగానే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. 55 ఇంచుల టీవీ తెర ఎత్తు 27 ఇంచులు. అందులో సినిమాస్కోప్ బొమ్మ ఎత్తు 20 ఇంచులే. 43 ఇంచుల టీవీలో తెర నిండా వచ్చే వార్తల బొమ్మ ఎత్తు 21 ఇంచులు! 43 నుంచి 55కి మారినవాళ్ళకు సినిమా పెట్టినప్పుడు పెద్ద తేడా అనిపించకపోవడానికి కారణం ఇదే. 65లో తెర ఎత్తు 32 ఇంచులు, పట్టీలు పైనా కిందా నాలుగేసి ఇంచులు పోయినా బొమ్మకు దాదాపు 24 ఇంచులు మిగులుతాయి. ఆ పట్టీలు పోవాలని రిమోట్‌లో జూమ్ నొక్కేవాళ్ళున్నారు. అలా చేస్తే బొమ్మలో అటూ ఇటూ కలిపి పావు వంతు తెగిపోతుంది.

దుకాణంలో టీవీ చూసి సైజు నిర్ణయించుకోకూడదు. అంత పెద్ద హాల్లో, పక్కన 85 ఇంచుల టీవీ వెలుగుతుంటే 65 కూడా చిన్నగానే కనిపిస్తుంది. ఇంట్లోనే పాత పేపర్లు అతికించి తెర కొలతకు కత్తిరించి గోడకు అంటిస్తే ఎంత చోటు పడుతుందో తెలిసిపోతుంది. 43 ఇంచులకు 95 సెంటీమీటర్ల వెడల్పు, 54 ఎత్తు. 50కి 111, 62. 55కి 122, 69. 65కి 144, 81. 75కి 166, 93. మన దగ్గర పెట్టెల మీద ఐమూల కొలత సెంటీమీటర్లలో ఉంటుంది కాబట్టి 43ని 108 అనీ, 55ని 138 లేదా 139 అనీ, 65ని 164 అనీ రాస్తారు. దాన్ని వెడల్పు అనుకోకూడదు. ఆ కాగితాన్ని ఒకటి రెండు రోజులు గోడ మీదే ఉంచితే ఇంట్లోవాళ్ళందరి మాటా వినొచ్చు. లిఫ్టులోకి, మెట్ల మలుపుల్లోకి పెట్టె పడుతుందో లేదో కూడా ముందే చూసుకోవాలి. 65 ఇంచుల టీవీ పెట్టె పొడవు అయిదడుగులు దాటుతుంది, దాన్ని నిలబెట్టే మోయాలి, పడుకోబెట్టకూడదు.

ఇంతవరకు 65 పెట్టమనే చెప్పినట్టుంది. దానికి ఒక షరతు ఉంది: దాంట్లో ఏం చూస్తారన్నది.

మామూలు ఎస్‌డీ (స్టాండర్డ్ డెఫినిషన్) చానల్‌లో బొమ్మకు అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు (పిక్సెళ్ళు). ఈ చుక్కల లెక్కే రిజల్యూషన్. 4కే తెరకు 3840, 2160. అంటే చానల్ పంపిన ఒక్కో చుక్కనుంచి టీవీ ఇరవై చుక్కలు తయారుచేసుకోవాలి. పైగా కేబుల్‌లో ఆ బొమ్మను బాగా కుదించి పంపుతారు కాబట్టి మొహాల మీద గళ్ళు, అక్షరాల చుట్టూ దుమ్ము లాంటి మచ్చలు కనిపిస్తాయి. టీవీ ఎంత ఖరీదైనదైనా లేని వివరాన్ని తీసుకురాలేదు. సాధారణంగా ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు వరకు విడదీసి చూడగలదు. ఆ లెక్కన ఎస్‌డీ గీతలు కంటికి కలిసిపోవాలంటే 43 ఇంచుల టీవీకి పదిన్నర అడుగుల దూరం కావాలి, 65కి దాదాపు 16 అడుగులు. కొత్త పెద్ద టీవీ కొన్నాక 'పాతదే బాగుండేది' అనే మాట చాలా ఇళ్ళలో వినిపించడానికి కారణం టీవీలో లోపం కాదు, అందులోకి వచ్చే సిగ్నల్. ఇంట్లో పెద్దవాళ్ళు రోజంతా ఎస్‌డీ సీరియళ్ళే చూస్తారు, హెచ్‌డీ ప్యాకేజీ తీసుకునే ఉద్దేశం లేదు అంటే తొమ్మిది పదడుగుల దూరానికి 43 మంచి సైజు. డబ్బు మిగులుతుంది, బొమ్మా నీటుగా ఉంటుంది. పెద్ద టీవీ కొంటే మాత్రం దాంతోపాటే ఈటీవీ, స్టార్ మా, జీ తెలుగు, జెమినీ లాంటి చానళ్ళకు హెచ్‌డీ రకాలు తీసుకోవాలి. టీవీ ఖర్చులో దాన్ని కూడా భాగంగా లెక్కేసుకున్నాను.

హెచ్‌డీ చానల్ 1920 బై 1080 (తెర విషయంలో దీన్నే ఫుల్ హెచ్‌డీ అంటారు). 4కే తెరలో ఒక చుక్కకు సరిగ్గా నాలుగు చుక్కలు పడతాయి, సాగదీయడం తేలిక, అందుకే హెచ్‌డీ చానళ్ళు 4కే టీవీలో శుభ్రంగా కనిపిస్తాయి. మరి 4కే వల్ల అసలు ఎంత లాభం? అదే కంటి లెక్క వేస్తే, 65 ఇంచుల ఫుల్ హెచ్‌డీ తెరలో చుక్కలు ఎనిమిదిన్నర అడుగుల దగ్గర కంటికి కలిసిపోతాయి. అంటే మా సోఫా దగ్గర కూర్చుంటే, కేవలం చుక్కల లెక్కలో 4కేకీ ఫుల్ హెచ్‌డీకీ తేడా దాదాపు కనబడదు. 55 ఇంచులకు ఆ దూరం ఏడడుగుల చిల్లర, 43కి అయిదున్నర. 43 ఇంచుల టీవీని తొమ్మిదడుగుల దూరంనుంచి చూస్తూ 4కే కోసం ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం లేదు. 50, ఆపై సైజుల్లో ఇప్పుడు వచ్చేవి దాదాపు అన్నీ 4కేనే కాబట్టి ఎంచుకునే ప్రశ్నే రాదు. పైగా 4కే ప్రసారంతోపాటు హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి), ఎక్కువ రంగులు వస్తాయి, కనిపించే తేడాలో ఎక్కువ భాగం వాటిదే. 8కే అయితే 65 ఇంచుల తెరకు నాలుగడుగుల లోపల కూర్చుంటేనే కంటికి అందుతుంది. ఇంటి హాలుకు దాన్ని పరిశీలించనక్కర్లేదు. పడకగదిలో 32 ఇంచులకు, మంచం మీదనుంచి ఆరడుగులు ఉంటే, 1366 బై 768 ఉండే హెచ్‌డీ రెడీ చాలు. దాన్నే కంప్యూటర్ తెరగా వాడాలనుకుంటే మాత్రం ఫుల్ హెచ్‌డీ తీసుకోవాలి, లేకపోతే అక్షరాలు చెదిరిపోతాయి.

4కే టీవీ ఉన్నంత మాత్రాన 4కే రాదు. నెట్‌ఫ్లిక్స్‌లో ప్రీమియం ప్లానుకే 4కే ఇస్తారు, స్టాండర్డ్ తీసుకుంటే 1080 దగ్గరే ఆగుతుంది. 4కేకి 15 ఎంబీపీఎస్ వేగం నికరంగా అందాలని వాళ్ళే చెబుతారు. రౌటర్ ఇంకో గదిలో ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో, అపార్టుమెంట్లో పక్కిళ్ళ సిగ్నళ్ళన్నీ కలిసి ఈ వేగం పడిపోతుంటుంది. వీలైతే లాన్ వైరు లాగడం మేలు. టీవీల లాన్ పోర్టు చాలావాటిలో 100 ఎంబీపీఎస్‌దే, అయినా స్ట్రీమింగ్‌కు అది కావలసినదానికంటే ఎక్కువే.

ప్యానెల్ ఏదన్నది

సైజు, రిజల్యూషన్ తేలాక ప్యానెల్ రకం చూడాలి. పెట్టె మీద ఇది స్పష్టంగా రాయరు. ఎల్‌సీడీల్లో రెండు రకాలు. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగా వస్తుంది, కాంట్రాస్టు (తెలుపు నలుపుల వెలుగుల మధ్య తేడా) 3000కి 1, ఆ పైన ఉంటుంది. పక్కనుంచి చూస్తే మాత్రం రంగులు పాలిపోతాయి. ఐపీఎస్‌లో కాంట్రాస్టు 1000కి 1 దగ్గర ఉంటుంది, రాత్రి సీన్లలో నలుపు బూడిదరంగులో కనబడుతుంది, కానీ పక్కనుంచి చూసినా మొహాల రంగు మారదు. దుకాణంలో దీన్ని కనిపెట్టడం తేలిక: మనిషి మొహం ఉన్న బొమ్మ నడుస్తుండగా తెర ముందునుంచి మెల్లగా పక్కకు నడవాలి. రెండు మూడడుగులు జరిగేసరికే చర్మం రంగు వెలిసిపోతే అది వీఏ. సోఫా ఎదురుగానే ఉండి, చూసేది ముగ్గురు నలుగురు అయితే వీఏ మేలు. పక్క గోడకు దివాన్ వేసి అక్కడా మనుషులు కూర్చునే హాలైతే ఐపీఎస్ గురించి ఆలోచించాలి.

ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా విడిగా ఆరిపోగలదు కాబట్టి నలుపు నిజంగా నలుపే. పక్కనుంచీ బాగుంటుంది. చీకటి గదిలో సినిమాకు దాన్ని మించింది లేదు. మా హాలుకు దాన్ని తీసుకోకపోవడానికి కారణం తెలుగు వార్తా చానళ్ళు. కింద ఎర్ర పట్టీ, పైన మూలలో లోగో, పక్కన ఇంకో పెట్టె, ఇవన్నీ గంటల తరబడి కదలకుండా వెలుగుతూ ఉంటాయి. అలా రోజూ అయిదారు గంటలు నడిస్తే ఓఎల్‌ఈడీ తెర మీద ఆ భాగాలు మిగతావాటికంటే త్వరగా అరిగి, శాశ్వతంగా మరక లాంటి ముద్ర పడే ప్రమాదం ఉంది. పగలు కిటికీ వెలుతురు కూడా మా హాల్లో ఎక్కువ. ఈ రెండూ లేని ఇంట్లో, సినిమాలు, ఓటీటీ మాత్రమే చూసేవాళ్ళకు ఓఎల్‌ఈడీయే చెబుతాను. క్యూఎల్‌ఈడీ అన్న పేరు చూసి రెండూ ఒకటనుకోవద్దు. అది రంగుల పొర అదనంగా ఉన్న ఎల్‌సీడీయే.

హెచ్‌డీఆర్ విషయంలో పెట్టె మీది మాటల్ని బాగా పట్టి చూడాలి. 'హెచ్‌డీఆర్10 సపోర్ట్' అంటే ఆ సిగ్నల్‌ను టీవీ తీసుకోగలదని మాత్రమే. తెర వెలుగు 250, 300 నిట్స్ (వెలుగు కొలిచే ప్రమాణం) ఉన్న టీవీ కూడా అది రాసుకోవచ్చు. హెచ్‌డీఆర్ సినిమాలను 1000 నిట్స్, అంతకు పైబడిన వెలుగు లెక్కలో తయారుచేస్తారు. దాన్ని 300లోకి కుక్కితే బొమ్మ మామూలు కంటే చీకటిగా వస్తుంది. హెచ్‌డీఆర్ వల్ల ఉపయోగం ఉండాలంటే 600 నిట్స్‌కు పైన వెలుగు, వెనక లైట్లను భాగాలుగా తగ్గించే లోకల్ డిమ్మింగ్, రెండూ కావాలి. నేను వీఏ ప్యానెల్, లోకల్ డిమ్మింగ్ ఉన్నదాన్నే ఎంచుకున్నాను. సామ్‌సంగ్ టీవీల్లో డాల్బీ విజన్ అనే హెచ్‌డీఆర్ రకం ఉండదు, దాని బదులు హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. దీనికోసం బ్రాండు మార్చాల్సినంత తేడా లేదు.

దుకాణానికి పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళడం బాగా పనికొస్తుంది. అక్కడ వాళ్ళు వేసే డెమోలో పూలు, చేపలు, రంగుల నూనెలు ఉంటాయి. వాటిలో ఏ టీవీ అయినా మెరుస్తుంది. మీ పెన్‌డ్రైవ్‌లో రాత్రి జరిగే ఒక సీను, మామూలు వెలుతురులో మనిషి మొహం, కెమెరా అడ్డంగా కదిలే పచ్చిక మైదానం ఉండాలి. పచ్చిక మీద కెమెరా జరుగుతున్నప్పుడు తెరలో నిలువు చారలు, మురికి మరకలు అక్కడే నిలబడి కనిపిస్తే ఆ ప్యానెల్‌లో వెలుగు సమంగా లేదని అర్థం. క్రికెట్ చూసేవాళ్ళను అది రోజూ వేధిస్తుంది. ఇంటికి వచ్చాక కూడా, బిగించేవాళ్ళు వెళ్ళకముందే, మొత్తం బూడిదరంగు ఉన్న బొమ్మ ఒకటి, మొత్తం నలుపు ఒకటి వేసి చూసుకోవాలి. చారలు, మూలల్లో కారే వెలుగు, చచ్చిన చుక్కలు ఆ రెండింటిలో బయటపడతాయి. నాలుగైదు రోజుల తర్వాత చెబితే మార్చి ఇవ్వడానికి ఎవరూ తేలిగ్గా ఒప్పుకోరు.

గోడమీద ఎంత ఎత్తులో

సోఫాలో కూర్చున్న మనిషి కళ్ళు నేలనుంచి 40 ఇంచుల దగ్గర ఉంటాయి. తెర మధ్యభాగం ఆ ఎత్తుకు దగ్గరగా రావాలి. 65 ఇంచుల టీవీ ఎత్తు 32 కాబట్టి కింది అంచును నేలనుంచి 26 ఇంచుల దగ్గర పెడితే మధ్యభాగం 42కి వస్తుంది. బిగించడానికి వచ్చేవాళ్ళు నిలబడి చూసి పైన పెడతారు, వాళ్ళకు ఎత్తు మనమే గీత గీసి చూపించాలి. నేలమీద చాప వేసుకుని కూర్చునేవాళ్ళకు కళ్ళు 29 ఇంచుల ఎత్తులో ఉంటాయి, 42కి చూడాలంటే ఏడు డిగ్రీలే తల ఎత్తాలి, ఇబ్బంది లేదు. అదే టీవీ మధ్యభాగం అయిదడుగుల ఎత్తులో ఉంటే వాళ్ళు 17 డిగ్రీలు తల ఎత్తాలి. రెండు గంటల సినిమాకు మెడ పట్టేస్తుంది. వీఏ ప్యానెల్‌ను కిందనుంచి చూస్తే రంగు కూడా తేలిపోతుంది. తప్పనిసరిగా పైనే పెట్టాలంటే కిందికి వంగే మౌంటు తీసుకోవాలి.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు ప్లగ్గు పాయింట్లు తెర వెనక మరుగున పడేట్టు పెట్టించుకోవాలి. సెట్‌టాప్ బాక్సు ఉండే చోటునుంచి అక్కడికి రెండు ఇంచుల పైపు గోడలో వేయించాలి. ముప్పావు ఇంచు కరెంటు పైపులో హెచ్‌డీఎంఐ వైరు తల పట్టదు. సెకనుకు 60 బొమ్మలు వచ్చే 4కే సిగ్నల్‌కు మామూలు హెచ్‌డీఎంఐ వైరు అయిదు మీటర్లు దాటితే తెర మెరిసి ఆరిపోవడం మొదలవుతుంది, అంతకంటే దూరమైతే ఆప్టికల్ రకం వేయాలి. టీవీ ఎదురుగా కిటికీ ఉంటే మందపాటి కర్టెన్ తప్ప ఏ సెట్టింగూ ఆ మెరుపును తీసేయలేదు.

సెట్టింగులు, ఒక వరసలో

టీవీని మొదటిసారి వెలిగించినప్పుడు 'హోమ్', 'స్టోర్' అని అడుగుతుంది. హోమ్ అనే పెట్టాలి. స్టోర్ పెడితే మనం మార్చినవన్నీ కాసేపటికి మళ్ళీ మొదటికి వచ్చేస్తాయి. కొన్నాళ్ళుగా సెట్టింగులు నిలవడం లేదని బాధపడేవాళ్ళు ముందు ఇది చూసుకోవాలి.

తర్వాత పవర్ సేవింగ్, ఎకో, గది వెలుగును బట్టి మారే సెన్సర్, ఇవి ఆపేయాలి. ఇవి నడుస్తుండగా మనం ఏం సరిచేసినా టీవీ మన వెనకాల దాన్ని మారుస్తూ ఉంటుంది. అన్నీ కుదిరాక కావాలంటే సెన్సర్ మళ్ళీ వేసుకోవచ్చు.

ఇప్పుడు పిక్చర్ మోడ్. వివిడ్, డైనమిక్ మోడ్‌లు దుకాణం లైట్ల కోసం పెట్టినవి: నీలం ఎక్కువ, రంగులు ఎక్కువ, అంచులకు తెల్ల గీతలు. సినిమా, మూవీ, ఫిల్మ్‌మేకర్ అన్నవాటిలో ఒకటి ఎంచుకుంటే సగం పైగా పని అయిపోయినట్టే. ఫిల్మ్‌మేకర్ మోడ్ అన్నది 2019లో ప్రకటించిన ఉమ్మడి ప్రమాణం, అది ఉన్న టీవీలో బొమ్మను దర్శకుడు చూసిన తీరుకు దగ్గరగా, అనవసరపు మార్పులు ఏవీ లేకుండా చూపిస్తారు. మొదట్లో తెర పసుపుగా, నీరసంగా అనిపిస్తుంది. ఇన్నాళ్ళూ నీలానికి అలవాటుపడ్డ కళ్ళవి. రెండు మూడు రోజులు మార్చకుండా చూడండి. ఆ తర్వాత వివిడ్‌కు వెళ్తే తెల్ల చొక్కాలన్నీ నీలం మందు పెట్టినట్టు కనిపిస్తాయి. రంగు ఉష్ణోగ్రత సామ్‌సంగ్‌లో వార్మ్ 2, ఎల్‌జీలో వార్మ్ 50, సోనీలో ఎక్స్‌పర్ట్ 1 ఉండాలి. మూడూ ప్రామాణికమైన 6500 కెల్విన్ తెలుపుకు దగ్గరవే.

వెలుగు సంగతి దగ్గర పేర్లు గందరగోళం. తెర వెనక లైటును పెంచి తగ్గించేది బ్యాక్‌లైట్. నలుపు ఎంత నల్లగా ఉండాలో చెప్పేది పాత టీవీల్లో బ్రైట్‌నెస్. సోనీలో, కొత్త సామ్‌సంగ్‌లలో బ్రైట్‌నెస్ అనేదే వెనక లైటు. నలుపును సోనీలో బ్లాక్ లెవెల్ చూస్తుంది, సామ్‌సంగ్‌లో షాడో డీటెయిల్. బొమ్మ చీకటిగా ఉందని పాత రకం టీవీలో బ్రైట్‌నెస్ పెంచితే నలుపంతా బూడిదరంగై పొగమంచు కమ్మినట్టవుతుంది. పెంచాల్సింది బ్యాక్‌లైట్. పగలు కర్టెన్లు తీసి ఉన్నప్పుడు 80 నుంచి 100 శాతం, రాత్రి లైట్లు తగ్గించి చూసేటప్పుడు 25, 30 శాతం సరిపోతుంది. రాత్రి కళ్ళు మండుతున్నాయంటే సాధారణంగా బ్యాక్‌లైట్ పగటి స్థాయిలోనే ఉండిపోయి ఉంటుంది. రెండు మోడ్‌లు తీసుకుని ఒకటి పగటికి, ఒకటి రాత్రికి స్థిరం చేసి పెడితే ఇంట్లో ఎవరైనా మార్చుకోగలరు. గామా (నలుపు తెలుపుల మధ్య ఛాయలు ఎంత చీకటిగా ఉండాలో చెప్పేది) పగటి మోడ్‌లో 2.2, చీకటి గదికి 2.4 లేదా బీటీ.1886.

నలుపును సరిచూడటానికి యూట్యూబ్‌లో దొరికే బ్లాక్ లెవెల్ పరీక్ష బొమ్మ చాలు. నల్లని తెర మీద 16, 17, 18 అంకెలతో నిలువు పట్టీలు ఉంటాయి. రాత్రి లైట్లు ఆపి చూస్తే 16 కనిపించకూడదు, 18 లీలగా కనిపించాలి. ఏదీ కనిపించకపోతే సినిమాలో నల్ల జుట్టు, నల్ల కోటు అన్నీ ముద్దగా కలిసిపోతాయి. కాంట్రాస్టుకు తెల్ల పట్టీల బొమ్మ ఉంటుంది, 234 వరకు విడివిడిగా కనిపించేదాకా తగ్గించాలి. సినిమా మోడ్‌లో మామూలుగా ఇది ముందే సరిగా ఉంటుంది. ఫైర్ స్టిక్ లాంటి స్ట్రీమింగ్ స్టిక్కు గానీ ల్యాప్‌టాప్ గానీ తగిలించినప్పుడు మాత్రమే బొమ్మ వెలిసిపోయినా, నలుపు మింగేసినా, అది హెచ్‌డీఎంఐ రేంజి (నలుపు, తెలుపుల హద్దులు) తేడా. ఒకవైపు లిమిటెడ్, ఇంకోవైపు ఫుల్ ఉండి ఉంటాయి. రెండూ ఒకటే చేస్తే సర్దుకుంటుంది.

షార్ప్‌నెస్ పెంచితే వివరం పెరగదు, అంచుల చుట్టూ తెల్ల గీత వస్తుంది. సామ్‌సంగ్‌లో సున్నా దగ్గర, సోనీలో 50 దగ్గర పెట్టాలి. సోనీలో 50 కంటే తగ్గిస్తే బొమ్మ మసకబారుతుంది. నాయిస్ రిడక్షన్ హెచ్‌డీకి, ఓటీటీకి ఆపేయాలి, ఎస్‌డీ కేబుల్ వచ్చే ఇన్‌పుట్‌కు మాత్రం 'లో' పెడితే ఆ గళ్ళు కొంచెం మెత్తబడతాయి.

కదలిక విషయం క్రికెట్‌కూ సినిమాకూ వేరు. సినిమా సెకనుకు 24 బొమ్మలు. మధ్యలో లేని బొమ్మల్ని టీవీ ఊహించి చేరిస్తే తెర మీది మనుషులు సీరియల్ షూటింగ్‌లో నడుస్తున్నట్టు నున్నగా జారిపోతారు. ఈ సెట్టింగు పేరు సామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, మిగతా చాలావాటిలో ఎంఈఎంసీ. సినిమాకు ఇది ఆపేయాలి. క్రికెట్‌కు కొద్దిగా ఉంచవచ్చు, ఎక్కువ చేస్తే బంతి చుట్టూ మరక, బ్యాటు అంచు చీలిపోవడం కనిపిస్తాయి. మన దగ్గర క్రికెట్ ప్రసారం సెకనుకు 50 లెక్కలో వస్తుంది. ఫైర్ స్టిక్ లాంటివి 60లో పంపితే ప్రతి అయిదు బొమ్మలకు ఒకటి రెండుసార్లు పడి, కెమెరా బంతి వెంట పరుగెత్తేటప్పుడు కుదుపు వస్తుంది. స్టిక్కు డిస్‌ప్లే సెట్టింగుల్లో మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్ వేస్తే, యాప్ కూడా దాన్ని పాటిస్తే, ఆ కుదుపు పోతుంది.

సెట్‌టాప్ బాక్సు దగ్గర జరిగే పొరపాట్లు వేరు. హెచ్‌డీ బాక్సు ఉన్నా పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో తగిలించి వెళ్ళిన ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పసుపు వైరు ఎస్‌డీనే మోస్తుంది. హెచ్‌డీఎంఐ వేసి, బాక్సు మెనూలో వీడియో అవుట్‌పుట్ 1080ఐ లేదా 1080పీ, ఆకారం 16:9 పెట్టాలి. పాత 4:3 కార్యక్రమాలను తెర నిండా సాగదీసి పెడితే మొహాలు అడ్డంగా ఉబ్బిపోతాయి. కింద స్కోరు పట్టీ, వార్తల పట్టీ సగం తెగుతుంటే అది ఓవర్‌స్కాన్, పాత డబ్బా టీవీల కాలంనుంచి మిగిలిన అలవాటు. ఎల్‌జీలో జస్ట్ స్కాన్, సామ్‌సంగ్‌లో ఫిట్ టు స్క్రీన్ వేస్తే నాలుగు అంచులూ పూర్తిగా కనిపిస్తాయి, బొమ్మ పదును కూడా పెరుగుతుంది.

హెచ్‌డీఆర్ సినిమా మొదలవగానే టీవీ వేరే సెట్టింగుల్లోకి వెళ్ళిపోతుంది. మామూలు బొమ్మకు మనం సర్దినవి దీనికి వర్తించవు, అందుకే హెచ్‌డీఆర్ నడుస్తుండగానే మెనూ తెరిచి సినిమా మోడ్, వార్మ్, కదలిక మళ్ళీ చూసుకోవాలి. బ్యాక్‌లైట్ ఇక్కడ పూర్తిగా ఉంచాలి, లోకల్ డిమ్మింగ్ హై. డాల్బీ విజన్‌లో డార్క్, బ్రైట్ అని ఉంటాయి, పగలు బ్రైట్ పెట్టాలి. వెలుగు తక్కువున్న టీవీలో హెచ్‌డీఆర్ చీకటిగానే ఉంటే, స్టిక్కు సెట్టింగుల్లో డైనమిక్ రేంజి దగ్గర హెచ్‌డీఆర్ ఆపి మామూలు బొమ్మ (ఎస్‌డీఆర్) వచ్చేట్టు చేసి చూడండి, బొమ్మ తేటగా రావచ్చు. బయటి పరికరంనుంచి హెచ్‌డీఆర్ అసలు రాకపోతే ఆ పోర్టుకు సామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో డీప్ కలర్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ వేయాలి.

చాలా టీవీలు సెట్టింగుల్ని ఒక్కో ఇన్‌పుట్‌కు విడిగా దాచుకుంటాయి. అన్ని ఇన్‌పుట్‌లకూ వర్తింపజేయమనే ఎంపిక మెనూలో ఉంటే అది వేయాలి, లేకపోతే యాప్‌లో ఒక రంగు, కేబుల్‌లో ఇంకో రంగు కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చినప్పుడు, రీసెట్ చేసినప్పుడు ఇవన్నీ పోయే అవకాశం ఉంది. పగటి మోడ్, రాత్రి మోడ్, హెచ్‌డీఆర్ మోడ్, ఒక్కోదాని మెనూ పేజీలన్నింటినీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్నాను. వాటిని చూస్తూ మళ్ళీ పెట్టుకోవడం పది నిమిషాల పని.